నర్సు చదువుకు ఎంతవుతాది?

జూన్ నెలలో తిరుపతిలో మా ఇంటికి రెండు రకాల మనుషులు వస్తారు. తోతాపురి కాయలు జ్యూస్ ఫ్యాక్టరీకి తోలి, ఆ డబ్బుల పని మీద టౌనుకు వచ్చేవాళ్లు ఒకరు. ఇంటర్ పాసైన పిల్లను వెంటబెట్టుకొచ్చేవాళ్లు ఇంకొకరు. చాలాసార్లు ఇద్దరూ ఒకే మనిషి. పోయిన ఏడాది అట్లా పాకాల వైపు నుంచి మా పెద్దమ్మ కొడుకు వచ్చాడు. నాకు తమ్ముడి వరస. చెప్పులు విప్పుతూనే అడిగాడు: "అక్కా, పాపను నర్సింగ్‌లో వేద్దామనుకుంటాండా. ఎంతవుతాది?"

ఇరవై ఏళ్లకు పైగా వార్డుల్లో పని చేస్తున్నదాన్ని. జీఎన్‌ఎం, అంటే మూడేళ్ల నర్సింగ్ డిప్లొమా చేసి, ఉద్యోగంలో కుదురుకున్నాక పోస్ట్ బేసిక్ బీఎస్సీ, అంటే జీఎన్‌ఎం అయినవాళ్లు చదివే రెండేళ్ల డిగ్రీ చదివాను. అయినా ఆ ప్రశ్నకు ఒక్క అంకెతో జవాబు చెప్పలేను. ఏ నర్సు అని అడగాలి, ఎక్కడిదాకా లెక్క వేయాలి అని కూడా అడగాలి. కాలేజీ వాళ్లు చెప్పే అంకె ఫీజు కట్టడంతో ఆగిపోతుంది. పిల్ల బతుకు మాత్రం కోర్సు అయిపోయాకే మొదలవుతుంది. అసలు ఖర్చు ఎంతో తేలేది చదువు ముగిసిన తర్వాతి రెండు మూడేళ్లలో. తమ్ముడికి ఆ రోజు ఇదే చెప్పడానికి మూడు గంటలు పట్టింది.

ముందు రిజిస్టర్డ్ నర్సు అన్న మాట సంగతి. తెల్ల కోటు వేసుకున్న ప్రతి అమ్మాయినీ మనం నర్సమ్మ అంటాం. చట్టం దృష్టిలో నర్సు అంటే రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరున్న మనిషి. మనకు అది ఆంధ్రప్రదేశ్ నర్సులు, మిడ్‌వైవ్‌ల (కాన్పులు చేసేవాళ్ల) కౌన్సిల్. దేశమంతటికీ చదువు ప్రమాణాలు నిర్ణయించింది 1947 నాటి చట్టంతో ఏర్పడిన ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్. దాని స్థానంలో జాతీయ కమిషన్ తేవడానికి 2023లో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. ఇంటర్ తర్వాత ఆ రిజిస్టర్‌లోకి తీసుకెళ్లే ప్రధాన దారులు రెండే: మూడేళ్ల జీఎన్‌ఎం, నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్. ఏది చదివినా రిజిస్ట్రేషన్ ఒకటే, రిజిస్టర్డ్ నర్స్, రిజిస్టర్డ్ మిడ్‌వైఫ్ అని. రెండేళ్ల ఏఎన్‌ఎంకు కూడా రిజిస్ట్రేషన్ ఉంది కానీ అది వేరే వరస. ఊళ్లలో టీకాలు, గర్భిణుల పరీక్షలు చూసే ఏఎన్‌ఎం పని చిన్నదేం కాదు, నేను ఎంతో గౌరవిస్తాను. కానీ ఆ సర్టిఫికెట్‌తో స్టాఫ్ నర్సు పోస్టుకు దరఖాస్తు చేయలేరు. ఇక ఆరు నెలల, ఏడాది "నర్సింగ్ అసిస్టెంట్" కోర్సులు ఏ దారిలోనూ రిజిస్టర్‌కు చేరవు. అద్దాల గది, ఏసీ ఆఫీసు చూసి ఆ కోర్సులకు డబ్బు కట్టి, తర్వాత మళ్లీ మొదటి నుంచి జీఎన్‌ఎంలో చేరిన పిల్లలను నేను చూశాను. వాళ్లకు పోయింది ఆ ఫీజు ఒక్కటే కాదు, రెండేళ్ల వయసు కూడా.

ఏ దారి తెరిచి ఉందో సగం ఇంటర్‌లోనే తేలిపోతుంది. బీఎస్సీకి బైపీసీ ఉండాలి, ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీల్లో కలిపి 45 శాతం రావాలి, ఇంగ్లిష్ పాసవ్వాలి, ఆ ఏడాది డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండాలి. ఎస్సీ, ఎస్టీ పిల్లలకు 40 శాతం చాలు. జీఎన్‌ఎంకు ఏ గ్రూపైనా ఫర్వాలేదు, 40 శాతం మార్కులు, ఇంగ్లిష్ పాస్ ఉంటే చాలు. పదో తరగతి అయిపోయిన పిల్లను సీఈసీలో చేర్పించి, రెండేళ్ల తర్వాత బీఎస్సీ నర్సింగ్ అడిగే తల్లిదండ్రులకు నేనేం చెప్పను? అందుకే ఈ వ్యాసం పదో తరగతి పిల్లలున్న ఇళ్లలో కూడా చదివితే బాగుంటుంది.

తమ్ముడి కూతురు బైపీసీ, 71 శాతం. రెండు తలుపులూ తెరిచే ఉన్నాయి. "అయితే బీఎస్సీనే కదక్కా?" అన్నాడు. ఔననే అందరూ అంటారు. నేను మాత్రం ముందు సీటు ఏ కోటాదో చెప్పమన్నాను.

ఒకే కాలేజీ, ఒకే తరగతి గది, ఒకే బెంచీ. ఇటు కూర్చున్న పిల్ల కన్వీనర్ కోటా, అటు కూర్చున్న పిల్ల మేనేజ్‌మెంట్ కోటా. విజయవాడలోని ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం కౌన్సెలింగ్‌లో వచ్చే కన్వీనర్ సీటుకు ఫీజు తక్కువ. కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షల లోపుంటే ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు అర్హత కూడా ఉంటుంది. మేనేజ్‌మెంట్ సీటుకు ఫీజు ఎన్నో రెట్లు, రీయింబర్స్‌మెంట్ ఉండదు. చేతికొచ్చే డిగ్రీలో తేడా ఏమీ లేదు. ఏ ప్రవేశ పరీక్ష ర్యాంకుతో కౌన్సెలింగ్ జరుగుతుందో ఆ ఏడాది విశ్వవిద్యాలయం నోటిఫికేషన్‌లో చూసుకోవాలి, పోయినేడు అక్క చేరిన పద్ధతి ఈ ఏడు చెల్లెలికి ఉంటుందని అనుకోవద్దు. ఏజెంట్లు తిరిగేది సరిగ్గా ఈ సమయంలోనే. "కౌన్సెలింగ్ ఎప్పుడో, సీటు వస్తాదో రాదో, ఇప్పుడే కట్టేస్తే ఖాయం" అంటారు. రెండు నెలలు ఆగలేని తొందర నాలుగేళ్ల ఫీజు మీద పడుతుంది. మొదటి విడతలో రాకపోయినా తర్వాతి విడతల్లో సీట్లు మిగలడం మామూలే.

ఇక బ్రోచర్‌లో కనిపించని ఖర్చులు. హాస్టల్, మెస్, యూనిఫారాలు, తెల్ల బూట్లు, ప్రాక్టికల్ రికార్డు పుస్తకాలు, పరీక్ష ఫీజులు, సొంత ఆసుపత్రిలో లేని విభాగాలకు, అంటే మానసిక వైద్యానికో పిల్లల వార్డుకో, వేరే ఊరు పంపినప్పుడు అయ్యే బస్సు, బస ఖర్చులు. వీటిలో ఒక్కోటీ చిన్నదే. కానీ నెలనెలా పాల బిల్లు మీద బతికే ఇంటికి ఫీజు కంటే ఎక్కువ ఊపిరాడనివ్వనివి ఇవే, ఎందుకంటే రీయింబర్స్‌మెంట్ వచ్చినా చాలావరకు ఇవి మన చేతినుంచే పోతాయి. కాలేజీకి పోయినప్పుడు ప్రిన్సిపాల్ గదికంటే ముందు రెండో ఏడు చదువుతున్న పిల్లల దగ్గరికి వెళ్లి, పోయిన ఏడాది ఇంటి నుంచి మొత్తం ఎంత తెప్పించుకున్నారో అడగమని తమ్ముడికి చెప్పాను.

లెక్క ఇట్లా వేసి చూపించాను. ఒక మేనేజ్‌మెంట్ సీటుకు అన్నీ కలిపి ఏడాదికి లక్షన్నర అయిందనుకుందాం. నాలుగేళ్లకు ఆరు లక్షలు. అదంతా విద్యా రుణమే అనుకుందాం. పదిన్నర శాతం వడ్డీకి పదేళ్లలో తీర్చాలంటే నెలకు ఎనిమిది వేల పైన వాయిదా. చదువుకునే రోజుల్లో పేరుకున్న వడ్డీ కలిస్తే ఇంకా ఎక్కువ. ఇప్పుడు ఆ పిల్ల మొదటి ఉద్యోగం ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో పదిహేను వేలకు అనుకుందాం. వాయిదా పోను ఏడు వేలు. దాంతో తిరుపతిలో హాస్టల్ అద్దె కట్టి, భోజనం చేసి, నైట్ డ్యూటీకి ఆటోలో పోయి రావాలి.

ఆ జీతం అంత తక్కువ ఉండకూడదని సుప్రీంకోర్టు దాకా వెళ్లిన విషయమే. ప్రైవేటు నర్సుల జీతాలపై ట్రైన్డ్ నర్సెస్ అసోసియేషన్ వేసిన కేసులో కోర్టు 2016 జనవరిలో కమిటీ వేయమంది. అదే ఏడాది ఆ కమిటీ సిఫారసులు ఇచ్చింది. 200 పడకలు దాటిన ఆసుపత్రిలో ప్రభుత్వ నర్సుతో సమానమైన జీతం. 100 నుంచి 200 పడకల మధ్య ఉంటే ప్రభుత్వ జీతం కంటే తేడా పది శాతం మించకూడదు. 50 నుంచి 100 మధ్య ఉంటే ఇరవై ఐదు శాతం. యాభై లోపు పడకలున్నా ఇరవై వేలకు తగ్గకూడదు. ఎంతో న్యాయమైన మాటలు. అమలు రాష్ట్రాల చేతిలో పెట్టారు. అది కాగితం మీదే మిగలడం నాకు ఈ రోజుకీ కడుపు మండే విషయం. రాత్రి పన్నెండు గంటలకు డాక్టరు ఇంట్లో ఉంటే, రోగి పక్కన నిలబడేది ఆ పిల్లే.

నేను తమ్ముడికి చెప్పదలచుకున్న అసలు మాట ఇక్కడే ఉంది. కోర్సు అయిపోయిన మొదటి రెండేళ్లు నర్సుకు విత్తనం వేసే కాలం. ఎయిమ్స్ సంస్థలన్నింటికీ నర్సింగ్ ఆఫీసర్లను తీసుకునే నార్‌సెట్ పరీక్ష చూడండి, 2020లో మొదలైంది. మన మంగళగిరి ఎయిమ్స్ కూడా అందులోనిదే. మూల వేతనం 44,900 రూపాయలతో మొదలు, అలవెన్సులు వేరే. బీఎస్సీ చేసిన పిల్ల రిజిస్ట్రేషన్ కాగానే రాయొచ్చు. జీఎన్‌ఎం పిల్లకు అదనంగా రెండేళ్ల అనుభవం కావాలి, అదీ 50 పడకలకు తగ్గని ఆసుపత్రిలో. ఇరవై పడకల నర్సింగ్ హోమ్‌లో అయిదేళ్లు చేసినా ఆ అనుభవం అక్కడ చెల్లదు. మన రాష్ట్రంలో కాంట్రాక్టు స్టాఫ్ నర్సు నియామకాలు చాలావరకు రాత పరీక్ష లేకుండా కోర్సు మార్కుల మీద, పాసైన తర్వాత గడిచిన ఏళ్ల మీద, చేసిన సర్వీసు మీద నడుస్తాయి.  అంటే మూడేళ్లో నాలుగేళ్లో చదివేటప్పుడు తెచ్చుకున్న ప్రతి మార్కూ తర్వాత ఉద్యోగం దగ్గర లెక్కకు వస్తుంది.

ఇప్పుడు అప్పు లేని పిల్ల ఒక ఏడాది ఇంట్లో కూర్చుని నార్‌సెట్‌కు చదవగలదు. లేదంటే జీతం రెండు వేలు తక్కువైనా పెద్ద ఆసుపత్రిలో ఐసీయూ పని నేర్చుకోగలదు. వాయిదా నెత్తిన ఉన్న పిల్ల ఆ రెండూ చేయలేదు. పిలిచిన మొదటి చోటికి పోతుంది, ఎక్కడ వెయ్యి ఎక్కువిస్తే అక్కడికి మారుతుంది. నాతో చదివిన ఒక అమ్మాయి నాకంటే తెలివైంది. సిర ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పేది. ఇంట్లో బంగారం కుదువపెట్టి చదివించారు. అది విడిపించేదాకా ఒక చిన్న ఆసుపత్రిలోనే ఉండిపోయింది, వాళ్లు ఆమె ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా దగ్గర పెట్టుకున్నారు. విడిపించుకునేసరికి ప్రభుత్వ నోటిఫికేషన్లు రెండు దాటిపోయాయి. సర్వీస్ బాండ్లు రాయించుకోవద్దని, సర్టిఫికెట్లు ఆపవద్దని నర్సింగ్ కౌన్సిల్ చెప్పిన సంగతి అప్పుడు మాకెవరికీ తెలియదు.

అందుకే నా లెక్కలో మేనేజ్‌మెంట్ బీఎస్సీ కంటే ప్రభుత్వ స్కూలు జీఎన్‌ఎం చాలాసార్లు మేలు. మూడేళ్లు జీఎన్‌ఎం, తర్వాత రెండేళ్లు పోస్ట్ బేసిక్, మొత్తం అయిదేళ్లు. నాలుగేళ్ల బీఎస్సీ కంటే ఒక్క ఏడాదే ఎక్కువ. మధ్యలో ఉద్యోగం చేస్తే ఆ డబ్బుతోనే రెండో చదువు చదవొచ్చు, అప్పటికి నార్‌సెట్‌కు కావాల్సిన అనుభవం కూడా వచ్చేస్తుంది. ఆ మధ్య జీఎన్‌ఎంను దేశమంతా ఎత్తేస్తారని గట్టిగా వినిపించింది, చాలామంది భయపడి అప్పులు చేసి బీఎస్సీకి పరుగులు తీశారు. జీఎన్‌ఎం ఆగలేదు. అయితే కన్వీనర్ కోటాలో బీఎస్సీ దొరికితే మాత్రం రెండో ఆలోచన వద్దు, అదే తీసుకోవాలి. ఎమ్మెస్సీకి, బోధన వైపు పోవడానికి, విదేశాలకు అది దగ్గరి దారి.

ఆడపిల్లలకు ఇంకో దారి ఉంది, మన జిల్లాలో ఎందుకో తక్కువమందికి తెలుసు. మిలిటరీ నర్సింగ్ సర్వీస్. సైన్యం ఆసుపత్రుల కాలేజీల్లో నాలుగేళ్ల బీఎస్సీ, దేశం మొత్తానికి 220 సీట్లు. నీట్ స్కోరుతో వడపోసి, ఇంటర్వ్యూ, వైద్య పరీక్ష పెడతారు. చదువు ఖర్చు సైన్యానిదే. ముగిశాక లెఫ్టినెంట్ హోదాతో కమిషన్, అంటే సైన్యంలో ఆఫీసరు ఉద్యోగం. సర్వీసు చేస్తామని బాండ్ రాయాలి, పెళ్లి కాకుండా ఉండాలి. పోటీ గట్టిదే. కానీ మెడిసిన్ కోసం నీట్‌కు చదివి సీటు రాలేదని ఏడ్చే పిల్లలు ఈ దరఖాస్తు వేశారా అని ఎవరూ అడగరు. మగపిల్లలు నర్సింగ్ చదవకూడదన్న మాట మాత్రం నమ్మొద్దు. ఎయిమ్స్ నర్సింగ్ పోస్టుల్లో వాళ్లకూ చోటుంది, ఎముకల వార్డులో, అత్యవసర విభాగంలో వాళ్ల అవసరం నాకు రోజూ కనిపిస్తుంది.

ఇప్పుడు ఎక్కడ చదవాలన్నది. నర్సింగ్‌ను నేర్పేది బిల్డింగు కాదు, వార్డు. కాలేజీకి కనీసం 100 పడకల సొంత ఆసుపత్రి ఉండాలన్నది కౌన్సిల్ నిబంధన. ఒక్కో విద్యార్థికి ముగ్గురు రోగులు దొరకాలి. మన చుట్టూ నిండు వార్డులకు కొదవ లేదు. తిరుపతిలో రుయా, దాని పక్కన ప్రసూతి ఆసుపత్రి, స్విమ్స్, బర్డ్ ఉన్నాయి. రుయాకు అనుబంధంగా ప్రభుత్వ నర్సింగ్ స్కూలు ఉంది, స్విమ్స్‌కు సొంత నర్సింగ్ కాలేజీ ఉంది. చిత్తూరు వైపు అరగొండలో అపోలో, కుప్పంలో పీఈఎస్ ఉన్నాయి. సరిహద్దు దాటితే వేలూరు సీఎంసీ. దేశంలో మొట్టమొదట 1946లో నర్సింగ్ డిగ్రీ మొదలైన రెండు కాలేజీల్లో అదొకటి, రెండోది ఢిల్లీలో. చిత్తూరు బస్టాండు నుంచి గంట ప్రయాణం. అంత దగ్గర నర్సింగ్ చరిత్ర ఉండగా కొందరు ఏజెంటు మాట విని బెంగళూరు వైపు పోతారు. అక్కడ మంచి కాలేజీలు లేవని కాదు. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ జాబితాలో లేని కాలేజీలో చదివితే, తర్వాత మన రాష్ట్రంలో రిజిస్ట్రేషన్ బదిలీ దగ్గర చిక్కులొస్తాయి. ఇక్కడి రీయింబర్స్‌మెంట్ అక్కడికి వస్తుందని కూడా లెక్క వేసుకోవద్దు. డబ్బు కట్టకముందే ఆ జాబితాలో కాలేజీ పేరు, ఆ ఏడాది సీట్ల సంఖ్య చూసుకోవాలి.

అప్పు తప్పకపోతే బ్యాంకుకే పోవాలి, బంగారం మీదకు, వడ్డీ వ్యాపారి దగ్గరకు కాదు. నర్సింగ్ డిగ్రీకి, డిప్లొమాకు రెండింటికీ విద్యా రుణం ఇస్తారు. నాలుగు లక్షల లోపు రుణానికి పూచీకత్తు ఆస్తి అడగకూడదని రిజర్వ్ బ్యాంకు చెప్పింది. కేంద్రం గ్యారంటీ పథకం కింద ఏడున్నర లక్షల దాకా తాకట్టు లేకుండా ఇవ్వొచ్చు. విద్యాలక్ష్మి పోర్టల్‌లో దరఖాస్తు చేస్తే కాగితం మీద జవాబు వస్తుంది, మేనేజరు నోటిమాటతో తిరిగి రావాల్సిన పని ఉండదు. చదువుకునే రోజుల్లో వడ్డీ మాత్రమైనా కట్టుకుంటూ పోతే తర్వాత భారం చాలా తగ్గుతుంది.

విదేశాల సంగతి తమ్ముడు అడగలేదు, పాప అడిగింది: "అత్తా, జర్మనీకి పోవచ్చంట కదా?" పోవచ్చు. జర్మన్ భాషలో బీ2 స్థాయి, అంటే ధారాళంగా మాట్లాడగలిగే స్థాయి కావాలి, మన చదువును వాళ్లు గుర్తించాలి. బ్రిటన్‌కు ఇంగ్లిష్ పరీక్ష, కంప్యూటర్ పరీక్ష ఇక్కడే రాయొచ్చు, ప్రాక్టికల్ పరీక్ష అక్కడికి వెళ్లి ఇవ్వాలి. అమెరికాకు ఎన్‌క్లెక్స్ అనే అక్కడి నర్సు లైసెన్సు పరీక్ష రాయాలి, కానీ వీసా కోసం మనవాళ్లు ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. గల్ఫ్ దేశాలు మామూలుగా రెండేళ్ల అనుభవం అడుగుతాయి. ఎక్కడికైనా సరే, రిక్రూటింగ్ ఏజెంటు తీసుకోగల సేవా రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. లక్షలు అడిగాడంటే వాడు చట్టం దాటినట్టే. విదేశీ ఉద్యోగాలకు పంపడానికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి ఓంక్యాప్ అని సొంత సంస్థ ఉంది, ముందు అక్కడ అడగాలి. "కానీ అదంతా నీకు వార్డులో చెయ్యి తిరిగాక," అన్నాను పాపతో.

సాయంత్రానికి తమ్ముడు జేబులోంచి ఒక కాలేజీ బ్రోచర్ తీశాడు. అడ్వాన్సు ఇరవై వేలు మరుసటి రోజు కట్టాల్సి ఉందట. కట్టొద్దనలేదు. ఆదివారం సాయంత్రం ఆ కాలేజీ ఆసుపత్రికి, ఎవరికీ చెప్పకుండా, రోగిని చూడడానికి వచ్చిన మనిషిలా పోయి మంచాలు లెక్కపెట్టమన్నాను.

ఆదివారం రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేశాడు. "అక్కా, మంచాలు నూరు పైనే ఉండాయి. మనుషులు పదకొండు మంది. ఒక వార్డుకు తాళం వేసుండాది." కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "కౌన్సెలింగ్ ఎప్పుడో కనుక్కో," అన్నాడు.

పాపకు కన్వీనర్ బీఎస్సీ రెండో విడతలో వచ్చింది. అడ్వాన్సుకని పక్కన పెట్టిన ఇరవై వేలతో తమ్ముడు హాస్టల్‌కు మొదటి నెలలు కట్టాడు. పోయిన వారం మొదటిసారి వార్డు డ్యూటీకి పంపారట, ఒక ముసలాయనకు బీపీ చూసి, సరిగ్గా వచ్చిందో లేదో అని మూడుసార్లు చూసిందట.